సుఖపడ్డాడని ఎప్పుడు చెప్పగలం?

"పాపం, ఏం సుఖపడ్డాడు!" అన్న మాట మనిషి పోయాకే ఎక్కువగా వినిపిస్తుంది. బతికున్నవాడి గురించి అలా తేల్చేయడానికి నోరు రాదు. రేపు ఎలా ఉంటుందో ఎవరికి తెలుసు? ఈ తటపటాయింపుకు రెండున్నర వేల ఏళ్ల చరిత్ర ఉంది.

గ్రీకు చరిత్రకారుడు హెరొడొటస్ ఒక కథ చెప్పాడు. క్రీ.పూ. 6వ శతాబ్దంలో లిడియా (నేటి టర్కీలోని ప్రాంతం) రాజు క్రోయిసస్, ఏథెన్స్ నుంచి వచ్చిన జ్ఞాని సోలన్‌కు తన ఖజానా అంతా చూపించి, "లోకంలో అందరికంటే ధన్యుడెవరు?" అని అడిగాడు. తన పేరే చెబుతాడని ఆశ. సోలన్ మాత్రం టెల్లస్ అనే ఏథెన్స్ పౌరుడి పేరు చెప్పాడు. పిల్లలు మంచివాళ్లు, మనవల్ని చూసుకున్నాడు, వాళ్లలో ఒక్కరూ కళ్లముందు పోలేదు, చివరికి తన నగరం కోసం పోరాడుతూ కన్నుమూశాడు. రాజుకు ఒళ్లు మండింది. అప్పుడు సోలన్ లెక్క వేశాడు. 70 ఏళ్ల ఆయుష్షంటే అధిక మాసాలతో కలిపి 26,250 రోజులు, అందులో ఏ ఒక్కటీ ఇంకోదానిలా ఉండదు. కాబట్టి చివరి రోజు దాటేదాకా అదృష్టవంతుడు అను, ధన్యుడు అనకు. తర్వాత పర్షియా రాజు సైరస్ చేతికి చిక్కిన క్రోయిసస్, చితి మీద నిలబడి సోలన్ పేరు మూడుసార్లు పలికాడట. వాళ్లిద్దరూ నిజంగా కలిశారా అన్నది అనుమానమే, కాలాలు సరిగ్గా కుదరవు. కథ మాత్రం తత్వవేత్తలను వదల్లేదు.

అరిస్టాటిల్‌ను ఇది బాగానే ఇబ్బంది పెట్టింది. ఆయన వాడిన మాట యుడైమోనియా, అంటే నిండుగా, బాగా బతకడం. దాన్ని 'సంతోషం' అంటే సగం పోతుంది. సంతోషం పూటపూటకీ మారుతుంది, ఈ మాట మొత్తం బతుకు గురించి. అయితే ఆయన దృష్టిలో అది మనిషి చేసే పనిలో, నడుచుకునే తీరులో ఉంటుంది. పోయినవాడు ఏ పనీ చేయడు కదా, మరి పోయాక ధన్యుడనడం ఎలా? పోనీ చావుతోనైనా లెక్క ముగుస్తుందా అంటే, ఆ తర్వాత పిల్లలు పాడైపోతే? వాళ్ల కష్టసుఖాలు పోయినవాళ్లను ఏ కొంచెమో తాకవచ్చు గానీ, వాళ్ల ధన్యతను మార్చేంత కాదు అని సర్దుకున్నాడు. తేలని విషయాన్ని తేలనట్టే రాయడం ఆయనలో నాకు నచ్చే గుణం.

ఈ ముడిని ఒక్క వేటుతో తెంపినవాడు గ్రీకు తత్వవేత్త ఎపిక్యూరస్ (క్రీ.పూ. 341-270). మనం ఉన్నంతసేపు చావు లేదు, చావు వచ్చాక మనం లేము, ఇక దానితో మనకేం పని అన్నాడు. ఆయన శిష్యపరంపరలోని రోమన్ కవి లుక్రీషియస్ ఇంకో మెట్టు ఎక్కాడు. పుట్టకముందు గడిచిన అనంతకాలం గురించి ఎవరూ ఏడవరు కదా, పోయాక వచ్చేదీ అలాంటిదే అని. వాదం గట్టిదే. కానీ ఎపిక్యూరస్ చివరి రోజున రాసిన ఉత్తరం చూడండి. మూత్రం బిగిసి భరించలేని నొప్పి, అయినా పాత సంభాషణలు తలచుకుంటే ఆ ఆనందం దానికి సరితూగుతోందన్నాడు. అక్కడితో ఆగలేదు, చనిపోయిన మిత్రుడి పిల్లల్ని చూసుకోమని కోరాడు. తన తర్వాత జరిగేది తనకేమీ కాదన్న మనిషికి ఆ బెంగ ఎందుకో!

కఠోపనిషత్తు దారి వేరు. అక్కడ పోయాక మనిషి ఉంటాడా, ఉండడా అని ప్రశ్న వేసేది నచికేతుడు, జవాబు చెప్పాల్సింది సాక్షాత్తూ యముడు. సంపద, దీర్ఘాయువు ఇస్తాను, ఈ ప్రశ్న మాత్రం వద్దంటాడు యముడు. పిల్లవాడు ఒప్పుకోడు. అప్పుడు ప్రేయస్సు, శ్రేయస్సు అన్న తేడా వస్తుంది: ఇష్టమైనది ఒకటి, మేలైనది మరొకటి. చార్వాకులు దీన్ని కొట్టిపారేసి, ఉన్నన్నాళ్లూ సుఖంగా బతకమన్నారు.

పెద్ద మలుపు 18వ శతాబ్దంలో వచ్చింది. 1789లో అచ్చైన గ్రంథంలో ఇంగ్లిష్ తత్వవేత్త జెరెమీ బెంథామ్ సుఖాన్ని కొలవదగిన సరుకుగా చూశాడు. సుఖాలు కూడు, బాధలు తీసెయ్. ఈ పద్ధతిలో చావంటే మీటరు ఆగిపోవడమే. ఈరోజు 'హ్యాపీగా ఉన్నావా?' అని అడిగినప్పుడు మన మనసులో ఉండే అర్థం సోలన్‌ది కాదు, దాదాపు ఇదే.

1970లో అమెరికన్ తత్వవేత్త థామస్ నేగెల్ ఎపిక్యూరస్ పాత వాదాన్ని మళ్లీ తెరిచాడు. చావు బాధపెట్టకపోవచ్చు, అయినా అది నష్టమే, ఇంకా దక్కగలిగిన బతుకును లాగేసుకుంటుంది కాబట్టి. లుక్రీషియస్‌కూ జవాబిచ్చాడు: కొన్నాళ్లు ఆలస్యంగా చనిపోవడం సాధ్యమే, చాలా ముందు పుట్టి ఉంటే మాత్రం ఆ పుట్టేది నువ్వు కాదు. 1973లో బ్రిటిష్ తత్వవేత్త బెర్నార్డ్ విలియమ్స్ ఎదురు తిరిగాడు. ఒక చెక్ నాటకంలో 342 ఏళ్ల స్త్రీ ఉంటుంది, మూడు వందల ఏళ్లుగా ఆమె వయసు 42 దగ్గరే ఆగిపోయింది. దేనిమీదా ఆసక్తి మిగలక ఆమె ఆయుష్షు పొడిగించే మందును ఇక వద్దంటుంది. అంతులేని బతుకు విసుగే అంటాడు విలియమ్స్.

2001లో కొందరు మనస్తత్వ పరిశోధకులు రెండు కల్పిత జీవితాలను జనం ముందు పెట్టారు. ఒకటి ఎంతో హాయిగా సాగి హఠాత్తుగా ముగిసింది. రెండోదీ అంతే, కాకపోతే చివర్లో ఓ మోస్తరుగా బాగున్న మరికొన్నేళ్లు అదనం. మొదటిదే మెరుగైన బతుకని జనం ఎక్కువ మార్కులేశారు. బెంథామ్ కూడికలో ఇది తప్పు జవాబు.