రాగం వినబడ్తది, మాట వినబడది: నాటకానికి సబ్‌టైటిల్ ఎట్లొచ్చింది

మా బాపు చెవి మిషన్ పెట్టుకోవట్టి ఆరేండ్లయితుంది. మొన్న హన్మకొండల ఒక పద్యనాటకానికి తోల్కపోతే సగంలనే లేద్దాం పా అన్నడు, రాగం మంచిగనే వినబడుతుంది బిడ్డా ఏమంటుండో సమజైతలేదు అని.

ఇది బాపు ఒక్కడి కథ కాదు. వయసు మీద పడితే ముందుగాల పోయేది సన్న శబ్దాలు, అంటే స, శ, త లాంటి హల్లులు, ఆ... అని సాగదీసే అచ్చులు మాత్రం మిగుల్తయి. మైకు సౌండ్ పెంచితే ఆ అచ్చులే ఇంకింత మోగుతయి, మిషన్ ఏమో ఫ్యాన్ల చప్పుడు, ఎనక సీట్ల ముచ్చట్లు గూడ కలిపి చెవుల పోస్తది. పెదాలు చూసి అర్థం చేసుకుందామంటే మూతి ముంగటనే మైకు. ఊర్లల్ల చిందు భాగోతమైతే మనిషి దగ్గర్నే ఆడుతడు, మొకం రంగులు, గంతులు చూసే సగం కథ తెలుస్తది.

దీనికి మందు ఎతకడం కొత్తగ మొదలుకాలే. హాలు చుట్టూ వైరు తిప్పి, గాలిల సౌండ్ కాకుండ అయస్కాంత క్షేత్రంతోని మాటను సీదా మిషన్లకు పంపే లూప్ పద్ధతికి బ్రిటన్‌ల 1937లనే పేటెంట్ ఉంది, మిషన్‌ల ఆ క్షేత్రాన్ని పట్టే 'టీ' అనే సెట్టింగ్ ఉండాలె అంతే. స్టేజీ మీద అక్షరాలు ఏసుడు మాత్రం 1983ల టొరంటోల ఒక ఒపెరాతోని, అంటే పాటల నాటకంతోని మొదలైంది, అదిగూడ చెవులు వినబడనోళ్ల కోసం కాదు, జర్మన్ పాట అర్థంకానోళ్ల కోసం! వినబడనోళ్ల కోసమని లండన్‌ల స్టేజ్‌టెక్స్ట్ అనే సంస్థ 2000ల మొదలువెట్టింది. స్క్రిప్ట్ ముందే ఎక్కించుకోని, నటుడు మాట అంటుంటే ఒకాయన కూసోని ఒక్కో లైను నూకుతడు. 2018 నాటికి అక్కడి నేషనల్ థియేటర్ల అక్షరాలు కండ్లద్దాలల్లకే వచ్చినయి.

పుట్టుకతోని వినబడనోళ్లది ఇంకో లెక్క, చానమందికి సైగల భాషే సొంత భాష, వాళ్లకు తెలుగు అక్షరాలు సరిపోవు, ఇంటర్‌ప్రెటర్ కావాలె. మా బాపుకేమో సైగలు రావు. అందరికీ ఒక్కటే మందు అనుకునే దగ్గరనే తప్పు జరుగుతది.

మన దగ్గర 2016 వికలాంగుల హక్కుల చట్టం సాంస్కృతిక జీవితంల సమాన హక్కు అన్నది, కానీ సబ్‌టైటిల్స్, సైగలు అని పేరువెట్టి చెప్పింది టీవీకే. మా హన్మకొండల నాటకాలు, సభల కోసం కట్టిన కాళోజీ కళాక్షేత్రానికి 2014ల పునాది ఏస్తే 2024ల తెరిచిన్రు, చట్టం ఆ నడుమనే వచ్చింది, అంటే కట్టేటప్పుడే ఈ ముచ్చట ఆలోచించెతందుకు టైముండె.

ఒగ్గుకథకు అక్షరాలేసుడు కష్టమే, కథకుడు జనాన్ని బట్టి మాట మారుస్తడు. పద్యనాటకానికి ఆ బాధ లేదు, పద్యం రాసిపెట్టిందే. ఇదే మాట తెల్సిన డైరెక్టర్ సార్‌తోని అంటే, నడుమల జనం వన్స్‌మోర్ కొడితే ఎట్ల అన్నడు. లైను ఎనక్కి జరుపుడే గద సార్ అన్న.