నీటి కాలుష్యం: పైపు దగ్గర ఆగిపోయిన లెక్క

వాగులో నీళ్లు పాడయ్యాయంటే మన చూపు ముందు ఒడ్డునున్న ఫ్యాక్టరీ పైపు మీదికో, మురుగు కాలువ మీదికో పోతుంది. దాన్ని మూయిస్తే చాలు, వాగు బాగుపడుతుందని అనుకుంటాం. ఈ నమ్మకం ఊరికే పుట్టలేదు. వాగులోకి నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తాయో లెక్కగట్టినవాళ్లు ఒక దారిన, అందులో మురికి ఎంతుందో కొలిచినవాళ్లు ఇంకో దారిన నడిచారు. ఈ రెండు దారులూ కలవడానికి 20వ శతాబ్దం సగం దాటాల్సి వచ్చింది.

17వ శతాబ్దం దాకా యూరప్ పండితుల్లో చాలామంది నదులకు వాన ఒక్కటే సరిపోదనుకునేవారు. సముద్రపు నీరు భూగర్భ సొరంగాల గుండా కొండల్లోకి ఎక్కి, దారిలో ఉప్పు వదిలేసుకుని, ఊటలుగా బయటపడుతుందని వాళ్ల వాదన. ఫ్రాన్సుకు చెందిన పియర్ పెరో వాదించడం మానేసి కొలిచాడు. సెన్ నది పుట్టిన చోటు నుంచి కొంత దూరం వరకూ దానికి నీరిచ్చే నేల ఎంత, దాని మీద ఏడాదిలో పడే వాన ఎంత, నదిలో పారేది ఎంత అని చూసి 1674లో అచ్చువేశాడు. పడిన వానలో దాదాపు ఆరో వంతుతోనే నది నడుస్తోందని తేలింది. అంకెలు ఉజ్జాయింపువే అయినా దారి మాత్రం సరైనది. నది లెక్క తేలాలంటే దానివైపు వాలే నేలనంతా ముందు కొలవాలన్నది అక్కడే మొదలైంది.

మిట్టకు అటు పడిన చినుకు ఒక వాగుకు పోతుంది, ఇటు పడింది ఇంకో వాగుకు. ఆ మిట్టలను కలుపుతూ గీసిన గీత లోపల ఉన్నదంతా ఆ వాగు వాటర్‌షెడ్. చిన్న వాగుల వాటర్‌షెడ్‌లు కలిస్తే ఏటిది, ఏర్లవి కలిస్తే నదిది. నదీ వ్యవస్థల మొత్తం పొడవులో ఎక్కువ భాగం పైభాగంలో పారే చిన్న వాగులదే. వాటిలో చాలావాటికి పేరు కూడా ఉండదు.

ఇక మురికి సంగతి. 1854లో లండన్ కలరా సమయంలో జాన్ స్నో అనే డాక్టరు జబ్బుకూ నీటికీ ఉన్న లింకు చూపించాడు. 1858 వేసవిలో థేమ్స్ కంపు పార్లమెంటు లోపలికీ వచ్చాక ప్రభుత్వం కదిలింది. ఇంజినీరు జోసెఫ్ బజాల్జెట్ కట్టిన భారీ మురుగు కాలువలు నగరాన్ని కాపాడాయి, కానీ ఆ మురుగును దిగువకు తీసుకెళ్లి మళ్లీ అదే నదిలో వదిలాయి. కంటికి కనపడకపోతే చాలన్నట్టు!

ఈ ఆలోచన ఎంత దూరం పోగలదో షికాగో చూపించింది. ఆ ఊరి మురుగు షికాగో నదిలోకి, అక్కణ్ణుంచి మిషిగన్ సరస్సులోకి పోయేది. తాగునీరు తోడుకునేదీ ఆ సరస్సులోంచే. దీనికి ఇంజినీర్లు కనిపెట్టిన ఉపాయం, రెండు వాటర్‌షెడ్‌ల మధ్యనున్న తక్కువ ఎత్తు మిట్టను తవ్వి నదినే వెనక్కి తిప్పడం. సుమారు 45 కిలోమీటర్ల కాలువ 1900 జనవరిలో తెరుచుకుంది. అప్పటిదాకా సరస్సు పాలైన మురుగు ఇల్లినాయ్ నది మీదుగా మిసిసిపీకి, అక్కణ్ణుంచి మిసోరి రాష్ట్రంలోని సెయింట్ లూయిస్ నగరం వైపుకు మళ్లింది. టైఫాయిడ్ భయంతో ఆ రాష్ట్రం సుప్రీంకోర్టుకెక్కింది. ఒక హానిలేని బ్యాక్టీరియాను బారెళ్ల కొద్దీ కాలువలో పోసి, అది సెయింట్ లూయిస్ దాకా బతికి చేరుతుందా అని కూడా చూశారు. 1906లో మిసోరి ఓడిపోయింది. మిసోరి పట్టణాలు కూడా ఆ నదిలోనే మురుగు వదులుతున్నాయి కదా అని జస్టిస్ హోమ్స్ తీర్పులో ఎత్తిచూపాడు. నాకైతే ఆ కేసు మొత్తంలో వాటర్‌షెడ్ అంటే ఏమిటో చెప్పిన మాట అదే.

ఆ తర్వాత కొలతలు వచ్చాయి. మురుగు సంగతి తేల్చడానికి బ్రిటన్ వేసిన రాయల్ కమిషన్ 1912 నివేదికలో ఐదు రోజుల పరీక్ష పెట్టింది. బ్యాక్టీరియా మురుగును తింటూ ఎంత ఆక్సిజన్ లాగేస్తుందో చెప్పే ఆ అంకెనే ఇవాళ బీఓడీ అంటున్నాం. శుద్ధి చేసి వదిలే నీటిలో అది లీటరుకు 20 మిల్లీగ్రాములు, తేలే మడ్డి 30 మిల్లీగ్రాములు దాటకూడదన్నారు. నదిలో దాన్ని పలచన చేసేందుకు కనీసం ఎనిమిది రెట్ల నీరుండాలన్న షరతు కూడా పెట్టారు. అంకెలు ప్రపంచమంతా తిరిగాయి, షరతు చాలాచోట్ల మాయమైంది. 1925లో అమెరికాలోని ఒహాయో నది మీద పనిచేసిన స్ట్రీటర్, ఫెల్ప్స్ అనే ఇంజినీర్లు మురుగు కలిసిన చోటు నుంచి దిగువకు పోయేకొద్దీ ఆక్సిజన్ ఎలా పడిపోయి మళ్లీ పుంజుకుంటుందో సమీకరణంలో పెట్టారు. చక్కటి లెక్కే, కానీ అందులోనూ కథ పైపు దగ్గరే మొదలవుతుంది.

1969 జూన్ 22న క్లీవ్‌లాండ్‌లో కయాహోగా నది మీద తేలే నూనె, చెత్త అంటుకున్నాయి. మంట అరగంటలోపే ఆరిపోయింది. టైమ్ పత్రికలో వచ్చిన ఫొటో నిజానికి 1952లో అదే నది మీద లేచిన మంటది. అయితేనేం, దేశం కదిలింది. 1972 అమెరికా చట్టం పైపు నుంచో కాలువ నుంచో నదిలోకి ఏది వదలాలన్నా పర్మిట్ ఉండాలంది, 1985 కల్లా ఇలా వదలడమే ఆగిపోవాలని లక్ష్యం పెట్టింది. ఆ గడువు దాటిపోయినా చట్టం పనిచేసింది. కయాహోగాలోకి చేపలు తిరిగొచ్చాయి.

పైపు కథకు గండి పడింది అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ కొండల్లోని హబ్బర్డ్ బ్రూక్ అడవిలో. అక్కడ అడుగున గట్టి రాయి ఉండటంతో నీరు లోతుకు పెద్దగా ఇంకదు, వాగులోకే వస్తుంది. ఒక్కో వాగు కింది భాగంలో వి ఆకారపు గండి ఉన్న కాంక్రీటు కట్ట కట్టారు. గండిలో నీటి మట్టం చూస్తే ఎంత పారుతోందో తెలిసిపోతుంది. 1963 నుంచి బోర్మాన్, లైకెన్స్ అనే శాస్త్రవేత్తల బృందం వానలో వచ్చేదేమిటి, వాగులో పోయేదేమిటి అని జమాఖర్చు రాసింది. 1965 చివర్లో ఒక వాటర్‌షెడ్‌లో చెట్లన్నీ నరికి, దుంగలు అక్కడే వదిలేశారు. మళ్లీ చిగురించకుండా మూడు వేసవులు కలుపుమందు కొట్టారు. వాగులో నైట్రేట్ నలభై రెట్లకు పైగా పెరిగి తాగునీటి పరిమితిని దాటేసింది. అక్కడ ఫ్యాక్టరీ లేదు, ఊరు లేదు, పైపు లేదు, ఎవరూ ఎరువు కూడా చల్లలేదు. వేర్లు పీల్చుకోవడం ఆగిపోయేసరికి నేలలోని నత్రజని నైట్రేట్ రూపంలో నీటితో పాటు జారిపోయింది, అంతే.

ఇలా నేల మీదుగా వచ్చే కాలుష్యానికి పర్మిట్ ఎవరి పేరున రాయాలి? భాస్వరం మట్టి రేణువులను పట్టుకుని తొలి వానలతో కొట్టుకొస్తుంది. నైట్రేట్ నీటిలో కరిగి భూగర్భంలోకి దిగి, ఏళ్ల తర్వాత ఊటలో తేలుతుంది. అంటే ఇవాళ ఎరువు తగ్గించినా వాగు వెంటనే బాగుపడదు. తారు, సిమెంటు పరిచిన చోట వాన ఇంకే అవకాశమే లేక నూనె, దుమ్ము, టైర్ల పొడి కలుపుకుని నేరుగా వాగులో పడుతుంది. అమెరికా చట్టం పొలాల నుంచి తిరిగొచ్చే సాగునీటిని 1977లో పర్మిట్ నుంచి తప్పించింది. 1987లో నేల మీదుగా వచ్చే కాలుష్యం కోసం వేరే పథకం తెచ్చింది గానీ, అది చాలావరకు నిధులిచ్చి ఒప్పించే పథకమే.

పాలనను వాటర్‌షెడ్ గీతల ప్రకారం నడపాలన్న ఆలోచన కూడా పాతదే. భూగర్భ శాస్త్రవేత్త జాన్ వెస్లీ పావెల్ 1890 ప్రాంతంలో అమెరికా పశ్చిమ భాగాన్ని అలా విడగొట్టి మ్యాపు గీస్తే రాజకీయ నాయకులు పట్టించుకోలేదు. ఫ్రాన్స్ 1964 చట్టంతో ఆరు నదీ పరీవాహక ఏజెన్సీలు పెట్టింది. 2000లో ఐరోపా సమాఖ్య ఇదే పద్ధతిని సభ్య దేశాలన్నింటికీ తప్పనిసరి చేసింది.

మిసిసిపీకి అంత పెద్ద ఏర్పాటు లేదు. అలాస్కా, హవాయి మినహా అమెరికా నేలలో దాదాపు 41 శాతం దానివైపే వాలి ఉంటుంది. ఆ పొలాల నత్రజని, భాస్వరం గల్ఫ్ ఆఫ్ మెక్సికో చేరి నాచును పెంచుతాయి. నాచు చచ్చి కుళ్లేటప్పుడు అడుగున ఆక్సిజన్ అయిపోతుంది. 2017లో అలాంటి నిర్జీవ ప్రాంతం దాదాపు 22,700 చదరపు కిలోమీటర్లకు విస్తరించింది. 2015 నాటికి దాన్ని 5,000 లోపుకు తేవాలని అనుకున్నారు. ఇప్పుడు ఆ గడువును 2035కు జరిపారు.