స్తంభం డిస్కంది, దీపం మునిసిపాలిటీది

భీమవరమైనా, అమలాపురమైనా, పట్టపగలు వీధిదీపం వెలుగుతోందని ఫిర్యాదు చేస్తే "అది మాది కాదు" అన్న మాటే ఎదురవుతుంది. స్తంభం, తీగ కరెంటు పంపిణీ సంస్థ (డిస్కం) ఈపీడీసీఎల్‌వి. ఫిట్టింగు, బిల్లు మునిసిపాలిటీవి. డెల్టా పట్టణాల్లో కరెంటు పొదుపు చాలా ఏళ్లుగా ఈ గట్టు దగ్గరే ఆగిపోతోంది.

1999లో విద్యుత్ బోర్డు విడిపోయింది. 2000లో డిస్కంలు వచ్చాక ఉభయ గోదావరి జిల్లాలు విశాఖ కేంద్రంగా ఉన్న ఈపీడీసీఎల్ కిందికి చేరాయి. 2001లో ఇంధన పరిరక్షణ చట్టం, మరుసటి ఏడాది దాన్ని అమలు చేసే ఇంధన సామర్థ్య బ్యూరో (బీఈఈ) వచ్చాయి. పొదుపుకు చట్టం దొరికింది గానీ, పట్టణంలో ముందుగా డబ్బు ఎవరు పెట్టాలన్నది తేలలేదు.

ఇళ్ల సంగతి తేలిగ్గానే అయిపోయింది. 2014-15లో ఎల్‌ఈడీ బల్బుల పథకం మొదలైన తొలి జిల్లాల్లో పశ్చిమ గోదావరి ఒకటి. పాత బల్బులు ఇచ్చి, ఒక్కోటి పది రూపాయల చొప్పున రెండు ఎల్‌ఈడీలు తీసుకున్నారు. మీటరు, బిల్లు, డిస్కం అన్నీ ఒకే గూటివి కాబట్టి పేచీ లేదు.

వీధిదీపాల జాతీయ పథకం 2015 జనవరి 5న మొదలైంది. కేంద్రం తరఫు ఇంధన పొదుపు సంస్థ ఈఈఎస్‌ఎల్ ముందుగా పెట్టుబడి పెట్టడం, మునిసిపాలిటీ బిల్లులో ఆదా అయిన సొమ్ములోంచి ఏళ్ల తరబడి తీర్చడం దాని పద్ధతి. అయితే బిల్లు నిజంగా తగ్గాలి కదా! పాత ట్యూబ్‌లైటు చోకుతో కలిపి సుమారు 55 వాట్లు లాగుతుంది. బదులుగా పెట్టే ఎల్‌ఈడీకి 20 చాలు. రాత్రికి 12 గంటల చొప్పున 0.66 యూనిట్లు పోయే చోట 0.24 చాలు, అంటే మిగులు 0.42. అదే దీపం పగలు కూడా వెలిగితే మరో 0.24 పోయి, మిగిలేది 0.18. మీటరు లేని లైన్లలో ఇంకో చిక్కుంది. వాట్లు, గంటలు లెక్కగట్టి బిల్లు వేస్తారు కనుక, డిస్కం రికార్డులో పాత 55 వాట్లే ఉంటే దీపం మార్చినా బిల్లు మారదు. ఈ సవరణ కోసం మునిసిపల్ ఇంజనీరు వార్డుల వారీ జాబితా పట్టుకుని డిస్కం సెక్షన్ ఆఫీసుకు వెళ్లాలి. చాలాచోట్ల జరగనిది సరిగ్గా ఇదే.

పగటి వెలుగుకు కారణం ప్రతిసారీ నిర్లక్ష్యం కాదు. వీధిదీపాలకు విడిగా స్విచ్ తీగ లేని వీధిలో దీపాన్ని ఇళ్ల ఫేజుకే తగిలిస్తారు, ఇక ఆర్పే దారి ఉండదు. తీగ ఉన్నచోట కంట్రోల్ పెట్టె బిగిస్తారు: మీటరు, టైమరు, కాంటాక్టరు (దీపాల వరుసను వెలిగించి ఆర్పే పెద్ద స్విచ్), సిమ్‌తో మోడెమ్. నర్సాపురం, అంతర్వేది వైపు ఉప్పుగాలికి టెర్మినళ్లు చిలుం పట్టి కాంటాక్టరు అతుక్కుపోతుంది, ఇక దీపాలు ఆరవు. న్యూట్రల్ తీగ తెగితే ఓల్టేజీ ఎగబాకి, వరుసలో దీపాల డ్రైవర్లు (ఎల్‌ఈడీకి తగ్గట్టు కరెంటును మార్చి ఇచ్చే పరికరాలు) ఒక్కసారే కాలిపోతాయి. ఓల్టేజీ హద్దు మీరితే సరఫరా ఆపే రక్షణ, మంచి ఎర్తింగ్ లేకుండా వందల దీపాలు బిగించడం తప్పు.

నీటి పంపులది కూడా ఇదే కథ. వేసవిలో కాలువలు కట్టేసే ముందు పట్టణాలన్నీ సమ్మర్ స్టోరేజీ చెరువులు నింపుకోవాలి, మోటార్లు రాత్రింబవళ్లు ఆడతాయి. వాల్వు సగం మూసి నడిపితే నీళ్లు తగ్గినంతగా కరెంటు తగ్గదు. ఎన్ని కిలోలీటర్లు తోడారో మునిసిపాలిటీ పుస్తకంలో ఉంటుంది, ఎన్ని యూనిట్లు కాలాయో డిస్కం దగ్గర ఉంటుంది. రెండు రీడింగులూ ఒకే రోజున తీసి కిలోలీటరుకు యూనిట్లు లెక్కగడితే, అరిగిన ఇంపెల్లరు (నీటిని నెట్టే చక్రం) ఏ పంపులో ఉందో కాలువలు కట్టేసేలోపే తెలుస్తుంది.