నేల కింద రెండో కెమెరా

వాన వెలిశాక రోడ్డు మీద నిలిచిన నీళ్ళలో భవనం నీడని ఫోటో తీస్తే భవనం మసకగా, నీళ్ళ మీద తేలే ఆకు మాత్రం స్పష్టంగా వస్తోందని, లెన్సు పాడయిందేమోనని ఒక పాఠకుడు అడిగారు. లెన్సుకేం కాలేదు. కెమెరా ఆకు మీద ఫోకస్ చేసింది, అంతే. ఆకు మీటరు దూరంలో ఉంది. భవనం నీడ నీటి మీద అతికించిన బొమ్మ కాదు. భవనం నుంచి నీటికి, నీటి నుంచి కెమెరాకి కాంతి ఎంత దూరం నడిచిందో నీడా అంత దూరంలోనే ఉంటుంది. భవనం 40 మీటర్ల అవతల ఉంటే నీడ కూడా అక్కడే. ఫోకస్ దాని మీద పెట్టాలి.

జవాబు అయిపోయింది గానీ, నన్ను చాలాకాలంగా వదలని ముచ్చట ఒకటుంది. నీళ్ళలో కనిపించేది మనకి నేరుగా కనిపించే దృశ్యానికి తలకిందుల నకలు కాదు! కెమెరాని నీటి మట్టానికి ఎంత ఎత్తున పట్టుకున్నామో, సరిగ్గా అంత లోతున నేలలో ఇంకో కెమెరాని పాతిపెట్టామనుకోండి. నీళ్ళలో తలకిందులుగా కనిపించేది ఆ పాతాళ కెమెరా చూసే దృశ్యం. అందుకే నీడలో బాల్కనీల అడుగుభాగాలు, కారు పొట్ట, నిలబడ్డ మనిషి గడ్డం కింది భాగం కనిపిస్తాయి.

లెక్క వేద్దాం. కెమెరా 1.5 మీటర్ల ఎత్తున ఉంది. 5 మీటర్ల దూరంలో మీటరు ఎత్తు గోడ, 40 మీటర్ల దూరంలో భవనం. నేరుగా చూస్తే గోడ మీదుగా భవనం మొదలంటా కనిపిస్తుంది. పాతాళ కెమెరాకి అలా కుదరదు. అక్కడి నుంచి గోడ అంచుని తాకే చూపు 5 మీటర్లలో 2.5 మీటర్లు పైకి లేస్తుంది. అదే వాలుతో భవనం దాకా పోతే 18.5 మీటర్ల ఎత్తున తగులుతుంది. అంటే కింది ఆరు అంతస్తులు గోడ చాటున మాయం! కెమెరాని 10 సెంటీమీటర్లకి దించండి: ఇప్పుడు పై కెమెరాకి గోడ 7.3 మీటర్ల దాకా అడ్డం, పాతాళ కెమెరాకి 8.7 దాకా. రెండు చూపులూ దగ్గరపడ్డాయి. అచ్చుగుద్దినట్టు రెండు సగాలూ సరిపోయే ఫోటో కావాలంటే ఫోన్‌ని తలకిందులుగా పట్టుకుని లెన్సుని నీటికి ఆనించినంత పని చెయ్యమనేది ఇందుకే. నాకు మాత్రం సరిపోని ఫోటోలే ఇష్టం.

(బడిలో అద్దం కుడి ఎడమలను మారుస్తుందని చెప్పి, దానికి పార్శ్వ విలోమం అని పేరుపెట్టి వదిలేస్తారు. అద్దం మార్చేది తన తలానికి లంబంగా ఉన్న దిశను మాత్రమే. గోడ అద్దం ముందు వెనకలను మారుస్తుంది, పడుకున్న నీటి అద్దం కింది మీదలను. ఈ ఒక్క వాక్యం ముందే చెప్పి ఉంటే పిల్లలకి సగం తికమక తప్పేది.)

కెమెరాని దించితే ఇంకో లాభం ఉంది. నిటారుగా పడ్డ కాంతిలో నీరు 2 శాతమే పరావర్తనం చేస్తుంది. 1.5 మీటర్ల ఎత్తు నుంచి 2 మీటర్ల దూరంలోని నీటిని చూస్తే పతన కోణం (నిట్టనిలువు గీతకీ చూపుకీ మధ్య కోణం) 53 డిగ్రీలు, పరావర్తనం సుమారు 4 శాతం. ఇది నీటికి బ్రూస్టర్ కోణం కూడా. అక్కడ పరావర్తిత కాంతి పూర్తిగా ధ్రువణం చెంది ఉంటుంది, అంటే దాని తరంగాలన్నీ ఒకే దిశలో ఊగుతాయి; కాబట్టి ఒక దిశలో ఊగే కాంతిని మాత్రమే వదిలే పోలరైజర్ ఫిల్టర్‌ని లెన్సు ముందు తిప్పితే నీడ మొత్తం ఆరిపోయి అడుగున బురద కనిపిస్తుంది. అదే 10 సెంటీమీటర్ల ఎత్తు నుంచి మీటరు దూరంలోని నీటిని చూస్తే కోణం 84 డిగ్రీలు దాటుతుంది, పరావర్తనం సగానికి పైనే. అదే నీళ్ళు, పదమూడు రెట్ల వెలుగు.

దుకాణం అద్దం దగ్గర పోటీ వేరు. ఒంటిపలక గాజు రెండు ముఖాలూ కలిసి 8 శాతం కాంతిని వెనక్కి పంపుతాయి, సుమారు 92 శాతం దాటిపోతుంది. వీధిలో వెలుగు 10,000 లక్స్ (లక్స్ వెలుగుకి కొలమానం), లోపల 500 లక్స్ అనుకుంటే, లోపలి నుంచి 460 వంతులు, వీధి నీడ నుంచి 800 వంతులు కెమెరాకి చేరతాయి. నీడదే గెలుపు. పొద్దువాలి వీధి వెలుగు 5,750కి తగ్గేసరికి రెండూ సమానం. అప్పుడు లోపల బట్టలు తొడిగి నిలబెట్టిన బొమ్మ భుజం మీద ఎదుటి భవనం కిటికీ మొలుస్తుంది. ఫ్రెంచి ఫోటోగ్రాఫర్ యూజీన్ అట్జే 1925లో పారిస్‌లోని గోబ్లాఁ అవెన్యూలో ఒక బట్టల దుకాణం ముందు ఇలాంటి కలగలుపునే పట్టుకున్నాడు. సూట్లు తొడుక్కున్న బొమ్మలు, వాటి మీదుగా వీధి చెట్లు, భవనాలు. బొమ్మ గాజుకి మీటరు లోపల, భవనం ఎన్నో మీటర్ల వెనక: రెండూ స్పష్టంగా రావాలంటే ఎపర్చర్‌ని, అంటే లెన్సులో కాంతి దూరే రంధ్రాన్ని, f/11కో f/16కో బిగించాలి.