ఫోన్‌తో వచ్చిన యాప్‌లు ఎందుకు పోవు? అపోహలు - వాస్తవాలు

ఆండ్రాయిడ్ ఫోన్‌లో కొన్ని యాప్‌లకు అన్‌ఇన్‌స్టాల్ మీట ఉండదు, డిజేబుల్ ఒక్కటే ఉంటుంది. తాళం ఆ యాప్‌కి కాదు, అది ఉన్న సిస్టమ్ విభాగం (ఆండ్రాయిడ్ ఫైళ్లుండే, మార్చడానికి వీల్లేని చోటు) మొత్తానికి.

అపోహ: తీసేస్తే స్టోరేజీ మిగులుతుంది.
సిస్టమ్ విభాగం వేరు, మన ఫొటోలుండే డేటా విభాగం వేరు. అక్కడ చెరిపిన చోటు ఇక్కడికి రాదు. తిరిగొచ్చేది ఆ యాప్ అప్‌డేట్లు, డేటా తిన్న చోటే. కాబట్టి సెట్టింగ్స్‌లో ఆ యాప్ పేజీ తెరిచి, ముందు స్టోరేజీలో క్లియర్ డేటా, తర్వాత మూడు చుక్కల మెనూలో అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్, ఆఖరున డిజేబుల్ నొక్కండి.

అపోహ: రూట్ చేసి (ఫోన్‌పై పూర్తి అధికారం తీసుకుని) చెరిపేస్తే పీడ విరగడవుతుంది.
సిస్టమ్ విభాగాన్ని 4 కేబీ బ్లాకులుగా చూసి, ఒక్కోదానికి హ్యాష్ (అందులోని డేటా మారితే తానూ మారిపోయే వేలిముద్ర లాంటి సంఖ్య) కట్టి ఉంచుతారు. చదివిన ప్రతిసారీ డీఎం-వెరిటీ అనే ఆండ్రాయిడ్ భద్రతా ఏర్పాటు దాన్ని సరిచూస్తుంది, తేడా ఉంటే చదవనివ్వదు. ఆండ్రాయిడ్ 4.4లో వచ్చిన ఈ కాపలా 7.0 నుంచి కఠినమైంది. ఇది అవసరమే: ఫ్యాక్టరీ రీసెట్ తుడిచేది డేటా విభాగాన్నే. సిస్టమ్‌లో మాల్వేర్ (హానికర సాఫ్ట్‌వేర్) దూరితే రీసెట్ చేసినా పోదు. పైగా 5.0 నుంచి అప్‌డేట్లు బ్లాకుల లెక్కన వస్తున్నాయి, ఒక్క ఫైలు మారినా ఆ అప్‌డేట్ అతకదు.

అపోహ: తీయనివ్వని ప్రతి యాప్ ఫోన్‌కి ప్రాణాధారమే.
కాదు. వెబ్‌వ్యూ (యాప్‌ల లోపల వెబ్ పేజీలు చూపించేది) లాంటివి ఆపితే వేరే యాప్‌లు కూలిపోతాయి, నిజమే. వీడియో యాప్ లేకపోతే ఏ ఫోనూ ఆగదు. అది వ్యాపార ఒప్పందం. 2022 అక్టోబరులో మన దేశంలో మార్కెట్ పోటీని పర్యవేక్షించే కాంపిటిషన్ కమిషన్ గూగుల్‌కు రూ.1,337.76 కోట్ల జరిమానా వేసి, తన యాప్‌లను వాడుకరులు తీసేసుకోకుండా అడ్డుకోవద్దని ఆదేశించింది. 2023 మార్చిలో అప్పిలేట్ ట్రిబ్యునల్ జరిమానాను ఉంచి, ఈ ఆదేశాన్ని కొట్టేసింది. మన చేతికి రావాల్సిన మీట అలా ఆగింది.

అపోహ: కంప్యూటర్‌కి కలిపి ఏడీబీతో (కంప్యూటర్ నుంచి ఫోన్‌కి ఆదేశాలు పంపే సాధనంతో) తీస్తే పూర్తిగా పోయినట్టే.
యాప్ తీసే పీఎం అన్‌ఇన్‌స్టాల్ ఆదేశానికి యూజర్ 0 (ఫోన్ ప్రధాన వాడుకరి) జోడిస్తే ఆ వాడుకరికి మాత్రమే పోతుంది. అసలు ఫైలు సిస్టమ్‌లోనే ఉంటుంది, రీసెట్ చేస్తే తిరిగొస్తుంది. ఇన్‌స్టాల్-ఎగ్జిస్టింగ్ ఆదేశంతో మీరే వెనక్కి తెచ్చుకోవచ్చు, అందుకే రూట్ కన్నా ఇదే మేలు. సిస్టమ్ యూఐ (నోటిఫికేషన్లు, పై పట్టీ చూపించేది), లాంచర్ (హోమ్ స్క్రీన్)ల జోలికి వెళ్లకండి. కీబోర్డు విషయంలో మరీ జాగ్రత్త: లాక్‌కి అక్షరాల పాస్‌వర్డ్ పెట్టుకుని ఉన్న ఒక్క కీబోర్డూ తీసేస్తే, రీస్టార్ట్ తర్వాత టైప్ చేయడానికి ఏమీ రాదు. పిన్ అయితే ఆ ఇబ్బంది లేదు, ఆ అంకెల పలక లాక్ స్క్రీన్‌దే.