చరిత్ర పరీక్షలో సోర్స్ ప్రశ్నలు, వ్యాసాలు: అపోహలు - వాస్తవాలు

అపోహ: సోర్స్ (పరీక్షలో చదవమని ఇచ్చే ప్రసంగం, ఉత్తరం లాంటి చారిత్రక ఆధారం) రాసిన మనిషి ఒక పక్షంవాడైతే, ఆ సోర్స్ పనికిరాదు.

వాస్తవం: బాగా చదివిన పిల్లలకు కూడా ఎక్కువ మార్కులు పోయేది ఇక్కడే. ‘ఇది ఏకపక్షంగా ఉంది, నమ్మలేం’ అని ఒక్క వాక్యం రాసి పక్క ప్రశ్నకు వెళ్లిపోతారు. ఏ పక్షమూ లేని సోర్స్ అసలు ఎక్కడుంది? తేల్చాల్సింది, అడిగిన ప్రశ్నకు అది ఎంతవరకు ఉపయోగపడుతుందని.

1938 సెప్టెంబర్ 30న మ్యూనిక్‌లో హిట్లర్‌తో, చెకోస్లోవేకియాలో కొంత భాగాన్ని జర్మనీకి వదిలేసే ఒప్పందం చేసుకుని తిరిగొచ్చిన బ్రిటన్ ప్రధాని చాంబర్లేన్, తమ కాలానికి శాంతి దక్కిందని ప్రకటించాడు. ఆ ప్రకటనే సోర్స్ అనుకోండి. హిట్లర్ అసలు ఉద్దేశం గురించి అడిగితే అది బలహీనం: 1939 మార్చి 15న జర్మన్ సేనలు చెకోస్లోవేకియా రాజధాని ప్రాగ్‌లో అడుగుపెట్టాయి. ఒప్పందాన్ని బ్రిటిష్ ప్రభుత్వం ప్రజల ముందు ఎలా సమర్థించుకుందని అడిగితే మాత్రం అది చాలా విలువైనది. చాంబర్లేన్ తన పక్షాన మాట్లాడటమే అక్కడ మీకు కావాల్సింది.

కాబట్టి ముందు ప్రశ్న చదవండి. తర్వాత సోర్స్‌తో పాటు ఇచ్చే పరిచయ వాక్యం: ఎవరు, ఎప్పుడు, ఎవరికోసం, ఎందుకు. ఆ తర్వాతే సోర్స్. జవాబులో మూడు ఉండాలి. సోర్స్‌లోంచి నాలుగైదు మాటలు. దాన్ని బలపరిచే లేదా కాదనే విషయం ఒకటి, సోర్స్‌లో లేనిది, మీకు తెలిసినది. రాసినవాడి స్థానం వల్ల ఆ మాటల్లో ఏది పెరిగిందో, ఏది దాగిందో. ఈ మూడోది లేకుండా ‘పక్షపాతం’ అన్న పదం ఎన్నిసార్లు రాసినా ఫలితం ఉండదు.

అపోహ: ఆ కాలంలో ఉన్నవాళ్లు రాసిందే ఎక్కువ నిజం.

వాస్తవం: కళ్లతో చూసినవాడికి తన ముందు జరిగిందే తెలుస్తుంది. రహస్య పత్రాలు బయటపడ్డాక రాసిన చరిత్రకారుడికి రెండు వైపులా కనబడొచ్చు.

అపోహ: వ్యాసంలో తెలిసినదంతా రాయాలి, పేజీలు నిండితే మార్కులు.

వాస్తవం: ఈ పుకారు ఎవరు పుట్టించారో గానీ, ఇకనైనా ఆగాలి. ‘మొదటి ప్రపంచ యుద్ధానికి జర్మనీ ఎంతవరకు బాధ్యురాలు?’ అంటే సరాయెవోలో జరిగిన ఆస్ట్రియా యువరాజు హత్యతో మొదలుపెట్టి కథ చెప్పమని కాదు. ‘ఎంతవరకు’ అన్నదానికి మొదటి పేరాలోనే తేల్చి చెప్పండి. తర్వాత ప్రతి పేరా ఒక వాదనతో మొదలవ్వాలి: 1914 జూలై మొదటి వారంలో ఆస్ట్రియాకు జర్మనీ ఇచ్చిన భరోసా ఒకవైపు, జూలై 30న రష్యా ఆదేశించిన పూర్తి సైనిక సమీకరణ మరోవైపు. పేరా చివరి వాక్యం మళ్లీ ప్రశ్నకు ముడిపడాలి. రాసేముందు ఐదు నిమిషాలు ప్రణాళికకు పెడితే ఆ సమయం వృథా కాదు.

అపోహ: తేదీ మర్చిపోతే జవాబు పోయినట్టే.

వాస్తవం: పోదు, కంగారు పడకండి. రోజు గుర్తులేకపోతే ‘1914 జూలై చివర్లో’ అని రాయండి. ఏది ముందు, ఏది తర్వాత అన్న క్రమం మాత్రం తప్పకూడదు. అది తప్పితే కారణం ఫలితమవుతుంది, వాదన కూలిపోతుంది.