టీచర్ల మీటింగు: ఎవరి టైములో?

బడి వదిలాక తోటి టీచర్లతో కూర్చుని రేపటి పాఠం గురించి మాట్లాడుకోవడం ఉద్యోగంలో భాగమా, ఓపిక ఉన్నవాళ్ళు చేసే అదనపు పనా? ఈ తగువు ఇవాళ్టిది కాదు. దీని మూలం కొంతవరకు బడి కట్టిన తీరులోనే ఉంది.

1848లో బోస్టన్‌లో క్విన్సీ గ్రామర్ స్కూల్ తెరిచారు. అంతకుముందు అక్కడ బడి అంటే పెద్ద హాలు, ఒక ప్రధానోపాధ్యాయుడు, ఆయన కింద సహాయకులు. ఒకరు చెప్పేది ఇంకొకరి చెవిన పడేది. కొత్త బడిలో 12 గదులు కట్టారు. గదికి 55 మంది పిల్లలు, ఒక టీచరు. పిల్లల్ని తరగతులుగా విడదీయడానికి ఈ పద్ధతి బాగా కుదిరింది, మిగతా ఊళ్ళూ దీన్నే పట్టుకున్నాయి. కాకపోతే తలుపు వేశాక పక్క గదిలో పాఠం ఎలా నడుస్తోందో తెలిసే దారి మూసుకుపోయింది. 1975లో సామాజిక శాస్త్రవేత్త డాన్ లోర్టీ ఇలాంటి బడిని కోడిగుడ్ల అట్టతో పోల్చాడు. గుంటకో గుడ్డు, ఒకటి ఇంకోదానికి తగలదు.

జపాన్ కూడా పంతొమ్మిదో శతాబ్దం చివర్లో గదుల బడినే తెచ్చుకుంది. కానీ అక్కడ ఒకరి పాఠం పదిమంది చూడటం అలవాటుగా స్థిరపడింది. దాని పేరు ‘జుగ్యో కెంక్యూ’, అంటే పాఠ పరిశోధన. కొందరు టీచర్లు వారాల తరబడి ఒక్క పాఠం మీదే కూర్చుంటారు. భిన్నాల కూడికకు మొదటి లెక్కగా సగం, పావు ఇవ్వాలా, సగం, మూడో వంతు ఇవ్వాలా అన్నదాని మీదే ఒక సాయంత్రం గడిచిపోవచ్చు. తర్వాత ఒకరు ఆ పాఠం చెబుతారు. మిగతావాళ్ళు గోడల వెంట నిలబడి ఏ పిల్లవాడు ఎక్కడ తడబడ్డాడో రాసుకుంటారు. పాఠం బెడిసికొట్టినా చెప్పినవాళ్ళు తలవంచుకోనక్కర్లేదు, ప్రణాళిక అందరూ కలిసి రాసిందే కదా. అక్కడి బడుల్లో టీచర్లందరి బల్లలూ ఒకే స్టాఫ్ రూములో ఉంటాయి. అది చిన్న సంగతిలా కనిపిస్తుంది గానీ, నా దృష్టిలో సగం పని అదే చేస్తుంది. చైనా 1952 నుంచి సబ్జెక్టు వారీగా బోధన పరిశోధన బృందాలు పెట్టి, దీన్ని బడి నిబంధనల్లోకే ఎక్కించింది.

మిగతా చోట్ల ఇది మొహమాటం మీద నడిచింది. 1966లో పారిస్‌లో యునెస్కో, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి టీచర్ల హోదాపై సిఫారసు ఆమోదించాయి. పని గంటలు లెక్కగట్టేటప్పుడు పాఠం తయారీకి, పరిశోధనలో పాల్గొనడానికి పట్టే సమయాన్నీ చూడాలని అందులో రాశారు. సిఫారసే కాబట్టి ఎవరి మీదా ఒత్తిడి లేదు.

అసలు లెక్క తేలింది ఇంగ్లండ్‌లో. 1980ల మధ్యలో జీతాల గొడవ ముదిరినప్పుడు అక్కడి టీచర్లు క్లాసులు చెబుతూనే, బడి వదిలాక జరిగే మీటింగులకు రామన్నారు. అవి తమ ఒప్పందంలో లేవన్నారు. అన్నాళ్ళూ ఉచితంగా వస్తున్నదేమిటో ప్రభుత్వానికి అప్పుడు తెలిసొచ్చింది. 1987లో చట్టం తెచ్చి ఏడాదికి 195 రోజులు, 1,265 గంటలు అని నిబంధన పెట్టారు. అందులో 5 రోజులు పిల్లలు లేకుండా, శిక్షణకే. ఆనాటి విద్యామంత్రి పేరు మీద వాటిని ‘బేకర్ డేస్’ అని పిలిచారు, అంత ప్రేమగా ఏమీ కాదు.

గంటలు రాశారు సరే, ఆ గంటల్లో ఏం చేయాలి? విద్యా పరిశోధకుడు ఆండీ హార్‌గ్రీవ్స్ కెనడాలోని ఒంటారియో బడుల్లో ఇదే చూశాడు. లీజర్ పీరియడ్లో ఫలానావాళ్ళతో కలిసి కూర్చోవాలని హుకుం జారీ చేస్తే, మాట్లాడుకునేది లేకపోయినా కూర్చుంటారు. ఉన్నప్పుడు మాత్రం నడవాలోనో, ఫోన్లోనో ముందే మాట్లాడేసుకుంటారు. మీటింగుకు మిగిలేది మినిట్స్ బుక్కులో సంతకం.

1999లో జపాన్ పద్ధతి గురించి అమెరికాలో ప్రచారం పెరిగాక చాలా దేశాలు దాన్ని ప్రయత్నించాయి. ఎక్కువగా సంపన్న దేశాలున్న ఆర్థిక సహకార సంస్థ ఓఈసీడీ 2008లో మొదలుపెట్టిన టీచర్ల సర్వేలు చూస్తే నోట్సు, ప్రశ్నపత్రాలు ఇచ్చిపుచ్చుకోవడం మామూలే. ఒకరి క్లాసులో ఇంకొకరు కూర్చోవడం మాత్రం ఇప్పటికీ అరుదు. వెనక బెంచీలో పెద్దవాళ్ళు కూర్చున్నారంటే తనిఖీయే అనుకునే బెరుకు ఒక కారణం. రెండోది అంతకంటే మొండిది. పక్క క్లాసులో కూర్చోవాలంటే ఆ పీరియడ్‌కి మన క్లాసు ఇంకెవరో చూడాలి, టైమ్‌టేబుల్ వేసేటప్పుడు ఆ మనిషిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.